సమ్మర్ టైర్లు తక్కువలో కొనాలంటే

అమెరికాలో ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ జీటీఐ లాంటి కారు నడిపేవాళ్లకి సమ్మర్ పెర్ఫార్మెన్స్ టైర్లు నాలుగూ ఒకేసారి మార్చాలంటే బిల్లు చూసి గుండె గుభేల్‌మంటుంది. తగ్గించుకునే దారి ఒకటుంది: కంపెనీ కొత్త మోడల్ దించగానే పాత మోడల్ స్టాకు ధర తగ్గిస్తారు, అది పట్టుకోండి. నిన్నటిదాకా అందరూ పొగిడిన టైరే కదా.

ముందు డ్రైవర్ తలుపు దగ్గర స్టిక్కర్ చూడండి. 225/40 ఆర్ 18 అని ఉంటే సరిగ్గా అదే సైజు వెతకాలి, పక్కనున్న లోడ్ నంబరు (మోయగల బరువు), స్పీడ్ అక్షరం (తట్టుకునే వేగం) తగ్గకూడదు. తర్వాత ట్రెడ్‌వేర్, అంటే టైరు ఎంత నిదానంగా అరుగుతుందో చెప్పే నంబరు. 200 రకం గ్రిప్ అదిరిపోతుంది కానీ త్వరగా అరిగిపోతుంది, రోజూ ఆఫీసుకెళ్లే కారుకి 300-340 మధ్యది చాలు, ఫైర్‌స్టోన్ ఫైర్‌హాక్ ఇండీ 500 అలాంటిదే. ఆర్డర్ పెట్టేముందు టైరు పక్క గోడ మీదుండే డాట్ కోడ్‌లో చివరి నాలుగంకెలు అడగండి, తయారీ తేదీ అందులోనే ఉంటుంది. 2324 అంటే 2024లో 23వ వారం తయారీ. మరీ పాతదైతే ఎంత తగ్గించినా వద్దు.

చలి ఉన్నచోట మాత్రం ఈ సమ్మర్ టైర్లు పనికిరావు. 7 డిగ్రీల సెల్సియస్ కిందకి దిగితే ఈ రబ్బరు బిగుసుకుపోయి పట్టు పోతుంది, మంచులో వీటితో కారు అసలు బయటికి తీయొద్దు. చికాగో, న్యూజెర్సీ వాళ్లు శీతాకాలానికి వేరే సెట్ ఖర్చు కూడా లెక్కేసుకోండి.