0.44 దగ్గర దూకాల్సిన గ్రాఫ్ 0.46 దగ్గర దూకితే

కావలిలో ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివే తమ్ముడొకడు రాత్రి పదకొండింటికి గ్రాఫ్ పంపాడు. కంప్యూటర్‌లో నడిపే నాలుగు డైమెన్షన్ల జెడ్-2 గేజ్ మోడల్ అది: లాటిస్ అనే జాలీలో పక్కపక్క బిందువుల్ని కలిపే ప్రతి లింకు మీదా ప్లస్ 1 లేదా మైనస్ 1, అంతే. గ్రాఫ్‌లో అడ్డంగా బీటా, అంటే కప్లింగ్ బలం. "ట్రాన్సిషన్, అదే ఫేజు మారడం, 0.4407 దగ్గరంటారు, నాకు 0.46 దాకా దూకడం లేదన్నా, కోడ్ తప్పా?" కోడ్ తప్పేం కాదు, హాట్ స్టార్ట్ (లింకులన్నీ యాదృచ్ఛికంగా) నుంచి పైకి ఒక్కసారే నడిపాడు.

మొదట్నుంచి చెప్తా. ఎల్ 8 లాటిస్ (ఒక్కో వైపు 8 బిందువులు) అంటే 4,096 సైట్లు, 16,384 లింకులు, 24,576 ప్లాకెట్లు, అంటే నాలుగు లింకుల చదరాలు; పాత ల్యాప్‌టాప్‌కి కూడా ఇదో లెక్క కాదు. ఒక్కో లింకు ఆరు ప్లాకెట్లలో ఉంటుంది. వాటిలో ఒక్కోదానికి మిగతా మూడు లింకుల్ని గుణించి, ఆ ఆరు లబ్ధాల్నీ కూడితే వచ్చే మొత్తం మైనస్ 6 నుంచి 6 దాకా సరి సంఖ్యే, అంటే ఏడే విలువలు. కాబట్టి ఎక్స్‌పొనెన్షియల్‌ని లోపలి లూపులో పెట్టకండి, బీటా మారినప్పుడల్లా లింకు ప్లస్ 1 అయ్యే ఏడు సంభావ్యతల పట్టిక వేసుకుంటే చాలు. బీటా 0.2 దగ్గర సగటు ప్లాకెట్ (చదరంలోని నాలుగు లింకుల లబ్ధం సగటు) 0.2కి కాస్త తక్కువ రావాలి. రాలేదా, అంచుల దగ్గర పొరుగు ఇండెక్స్ తప్పి ఉంటుంది, అక్కడే వెతకండి.

ఐసింగ్ (అయస్కాంత మోడల్) అలవాటుతో లింకుల సగటు కొలవకండి, నేనలా వారం పోగొట్టుకున్నా. లోకల్ గేజ్ సిమెట్రీ (ఒక సైట్‌ని తాకే లింకులన్నిటి గుర్తూ తిప్పినా ప్లాకెట్లు మారకపోవడం) తనంతట తాను విరగదని ఎలిట్జర్ 1975లోనే చూపించాడు, ఆ సగటులో మనకు దొరికేదేం లేదు.

ఇక బీటాని 0.35 నుంచి 0.53 దాకా 0.005 చొప్పున ఎక్కించండి, ఒకచోట మిగిలిన కాన్ఫిగరేషన్‌నే తర్వాతదానికి అందిస్తూ. పైకి చేరాక అదే దారిన దిగండి. ఎక్కేటప్పుడు 0.44 దాటాక దూకుతుంది, దిగేటప్పుడు 0.44 కిందికొచ్చాక పడుతుంది. మధ్యలో తెరుచుకున్న ఆ ఖాళీయే హిస్టరిసిస్, ఫస్ట్ ఆర్డర్‌కి, అంటే ఒక్కసారిగా దూకే ట్రాన్సిషన్‌కి, తొలి ఆనవాలు. సరిగ్గా 0.4407 దగ్గర హాట్, కోల్డ్ (లింకులన్నీ ప్లస్ 1) రెండూ విడిగా నడిపి, వచ్చిన రెండు ప్లాకెట్ సగటుల్నీ కూడి సగం చేయండి. సెల్ఫ్ డ్యువాలిటీ (ఎక్కువ బీటా దగ్గరి మోడల్ తక్కువ బీటా దగ్గరి అదే మోడల్‌కి అద్దంలా ఉండడం) వల్ల 0.707 రావాలి. ఈ మోడల్‌కి ఇంతకన్నా మంచి పరీక్ష నేను చూడలేదు.

స్కేలింగ్‌కి, అంటే ఎల్‌తో ఎలా పెరుగుతుందో చూడ్డానికి, ప్లాకెట్ వేరియన్స్‌ని సైట్ల సంఖ్యతో గుణించి, దాని శిఖరం చూడండి. ఫస్ట్ ఆర్డర్ అయితే అది ఎల్ నాలుగో ఘాతంలా పెరగాలి, ఎల్ 4 నుంచి 6కి సుమారు అయిదు రెట్లు, ఇంత చిన్న లాటిస్‌లలో కాస్త తేడా ఉంటుందనుకోండి. ఎల్ పెంచితే ఇంకా మంచిదేగా అనిపిస్తుంది, కానీ రెండు ఫేజుల మధ్య గోడ ఎల్ ఘనంతో పెరుగుతుంది, దాటే అవకాశం ఎక్స్‌పొనెన్షియల్‌గా పడిపోతుంది. రన్ ఒకవైపే కూర్చుంటే కన్వర్జ్ అయిందని మురిసిపోకండి; హిస్టోగ్రామ్‌లో రెండు మూపురాలూ కనబడి, రన్ వాటి మధ్య చాలాసార్లు తిరిగిందా చూసుకోండి.

సెకండ్ ఆర్డర్ (దూకకుండా మారే ట్రాన్సిషన్) కావాలంటే ఇదే కోడ్‌ని మూడు డైమెన్షన్లకి దించండి. ట్రాన్సిషన్ 0.7614 దగ్గర, మూడు డైమెన్షన్ల ఐసింగ్‌కి డ్యువల్ (అద్దం లాంటి జంట) కాబట్టి న్యూ, అంటే కోరిలేషన్ లెంగ్త్ ఘాతం, 0.63.

తమ్ముడు నిన్న దిగే రన్ కూడా పంపాడు, 0.42 దగ్గర పడింది. మధ్యాహ్నం కరెంటు పోయి మొదటి రన్ సగంలో ఆగిపోయిందట. కాన్ఫిగరేషన్‌తో పాటు రాండమ్ నంబర్ స్టేట్ కూడా సేవ్ చేసుకోమన్నా.