ప్రశ్న అడిగాక 3 సెకన్లు ఆగండి

టీచర్ ట్రైనింగ్‌లో ఉన్నవాళ్లకి ఒక్క మాట. ప్రశ్న అడిగాక జవాబు మీరే చెప్పేయకండి. మనసులో ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టుకోండి.

మైక్రోటీచింగ్‌లో, అంటే చిన్న పాఠం చెప్పి సాధన చేసే క్లాసులో, నా పాఠం ఫోన్‌లో రికార్డు చేసుకుని విన్నాను. ప్రశ్న పూర్తయ్యీ కాకముందే మళ్లీ నా గొంతే! 1970ల్లో అమెరికా విద్యా పరిశోధకురాలు మేరీ బడ్ రో పరిశోధనలో తేలిందీ అదే: టీచర్లు ఆగేది సుమారు 1 సెకను. 3 సెకన్లు ఆగితే పిల్లలు ఎక్కువసేపు, ఆలోచించి చెబుతారు.

మర్నాడు భిన్నాల పాఠంలో ఆగాను. ఆ నిశ్శబ్దం భరించడం మొదట్లో నిజంగా కష్టం. సుద్దముక్క గట్టిగా పట్టుకుని నిలబడ్డాను. వారమంతా నోరు విప్పని చివరి బెంచీ అమ్మాయి మెల్లగా, "కింద అంకె పెద్దదైతే ముక్క చిన్నదవుతుంది కదా టీచర్" అంది. ఆ రోజు డైరీలో ఆ వాక్యమే రాసుకున్నాను.