కొర్రమీనుకి స్పిన్నర్‌బెయిట్: రాడ్, రీల్ ఎలా ఎంచుకోవాలి?

ఒడిశాలో పర్లాకిమిడి, గుణుపురం, బరంపురం వైపు గాలం వేసే కుర్రాళ్లు వానపాము, పిండి ముద్ద పక్కనపెట్టి, తిరిగే రేకులున్న కృత్రిమ ఎర స్పిన్నర్‌బెయిట్ పట్టుకుంటే నాకు సంతోషంగా ఉంటుంది. చిక్కల్లా వాళ్లు చూసి నేర్చుకునే వీడియోల దగ్గర. వాటిలో దాదాపు అన్నీ అమెరికావాళ్లవి, పట్టేది లార్జ్‌మౌత్ బాస్. ఆ చేప పుట్టిల్లు ఉత్తర అమెరికా, మన చెరువుల్లో దొరకదు. మన దగ్గర ఆ చేపలా నీటి మొక్కల తుక్కులో నక్కి ఉండి, కదిలేదాని మీద ఒక్కసారిగా పడేది కొర్రమీను. ఏటి మొగల్లో అయితే పండుగప్ప. కొర్రమీను నోరు బాస్ నోటి కంటే గట్టిది, అది దూరే తుక్కు కూడా చిక్కన. వీడియోలో చెప్పిన రాడ్‌నే తెప్పించుకుంటే విసరడానికి బాగానే ఉంటుంది, చేప తగిలాకే దాని లోటు తెలుస్తుంది.

కాబట్టి కొనే వరస ఇలా పెట్టుకోండి: ముందు ఎర, తర్వాత రాడ్, ఆ తర్వాత రీల్, చివర్లో దారం. చాలామంది మెరిసే రీల్ ముందు కొని, దానికి రాడ్ వెతుకుతారు. అక్కడే డబ్బు వృథా అవుతుంది.

ముందు ఎర సంగతి తేల్చుకోండి

స్పిన్నర్‌బెయిట్ అంటే తెరిచి పెట్టిన పిన్నీసులా వంగిన తీగ. కింది కొసకి సీసం తల, దానికి పెద్ద ముల్లు, ముల్లుని కప్పుతూ రబ్బరు కుచ్చు. పై కొసకి ఒకటో రెండో తిరిగే రేకులు. పైతీగ ముల్లుకి అడ్డు కాస్తుంది కాబట్టి కలువ కాడల్లోంచి, తుంగలోంచి లాగినా చాలావరకు తగులుకోకుండా వస్తుంది. కొట్లో ఊరికే ‘స్పిన్నర్’ అంటే మాత్రం వేరేది చేతిలో పెట్టొచ్చు: నిటారు తీగ, దాని చుట్టూ తిరిగే రేకు, చివర మూడు ముళ్ల గాలం. అది దారాన్ని మెలితిప్పుతుంది, గుర్రపుడెక్క పక్కనుంచి పోయినా పట్టేసుకుంటుంది. ఒడియా దుకాణదారుతో మాట్లాడేటప్పుడు శెఉళ (ఒడియాలో కొర్రమీను) చేపకి కావాలని చెప్పి, పిన్నీసు ఆకారం మీరే చూసి తీసుకోండి.

ప్యాకెట్ మీద బరువు ఔన్సుల్లో ఉంటుంది. పావు ఔన్సు అంటే 7 గ్రాములు, 3/8 అంటే పదిన్నర, అర ఔన్సు 14, ముప్పావు 21. మన చెరువులకి 3/8 లేదా అర ఔన్సుది సరిపోతుంది. ఇక్కడ ఒక సంగతి గుర్తుంచుకోండి. ఆ అంకె మామూలుగా సీసం తల బరువే. రేకులు, కుచ్చు, తీగ కలిస్తే ఎర అంతకంటే బాగా ఎక్కువ తూగుతుంది. వంటింట్లో డిజిటల్ త్రాసు ఉంటే ఒకసారి పెట్టి చూడండి. రాడ్‌ని ఈ అసలు బరువుకి కొనాలి.

రేకుల్లో ముఖ్యంగా రెండు రకాలు. గుండ్రంగా, లోతుగా ఉండే కొలరాడో రేకు నీటిని గట్టిగా తోస్తుంది. నెమ్మదిగా చుట్టినా తిరుగుతుంది, చేతికి దడదడా తెలుస్తుంది. సన్నగా, పొడుగ్గా ఉండే విల్లో రేకు తక్కువ లాగుతుంది, ఎక్కువ మెరుస్తుంది, వేగంగా చుట్టడానికి బాగుంటుంది. వానల తర్వాత ఎర్రనీళ్లున్న చెరువులో చేప కంటితో కంటే ఒంటితో ఎక్కువ పసిగడుతుంది, అప్పుడు కొలరాడో. చలికాలం తేటనీళ్లలో విల్లో.

రాడ్: కొస మెత్తగా, మొదలు గట్టిగా

పిడికి కాస్త పైన రాడ్ మీద సన్నటి అక్షరాలు ఉంటాయి. పొడవు, బలం, ఎంత బరువు ఎర విసరొచ్చు, ఎంత దారం ఆగుతుంది, అన్నీ అక్కడే రాసి ఉంటాయి. ధర చూసే ముందు వాటిని చదవండి.

గట్టు మీద నిలబడి విసిరేవాళ్లకి 7 అడుగుల రాడ్ మంచిది. ముందున్న తుంగ మీదుగా దారాన్ని ఎత్తి పట్టుకోవడానికి ఆ పొడవు కావాలి. చుట్టూ తాటిచెట్లు, కొమ్మలు ఉన్న చిన్న చెరువైతే ఆరున్నర అడుగులు చాలు. బలం దగ్గర ‘మీడియం హెవీ’ అని ఉండాలి. ఎర బరువు పావు నుంచి ముప్పావు ఔన్సు దాకా, లేదా 7 నుంచి 21 గ్రాములు, కొన్నిటి మీద 28 దాకా ఉంటుంది. మీ ఎర ఆ లెక్కలో మధ్యలో పడాలి. పై అంచున పడితే విసిరిన ప్రతిసారీ రాడ్ మీద భారం పడుతుంది.

ఇక వంపు. దీని మీద కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే స్పిన్నర్‌బెయిట్ రాడ్‌కి ప్రాణం ఇదే. ఎర కదులుతూ ఉండగా చేప వెనకనుంచి వచ్చి నోట్లో వేసుకుని పక్కకి తిరుగుతుంది. రాడ్ కొస మరీ బిరుసుగా ఉంటే చేప నోరు మూసేలోపే మన చెయ్యి ఎరని లాగేస్తుంది. కొస కొంచెం లొంగితే ఆ క్షణం చేపకి దొరుకుతుంది. అందుకే అమెరికాలో చాలామంది బాస్ వేటగాళ్లు ఈ ఎరకి మెత్తటి వంపున్న రాడ్ వాడతారు, కొందరు గ్లాస్ ఫైబర్ కలిసినది ఇష్టపడతారు. మనకి కొర్రమీనుతో పని కాబట్టి అంత మెత్తన పనికిరాదు. దాని నోటిలోని ఎముకలోకి ముల్లు దిగాలన్నా, దిగాక కలువ కాడల్లోకి దూరకముందే తల ఇటు తిప్పాలన్నా రాడ్ మొదలు బలంగా ఉండాలి. లాగినప్పుడు పై మూడో వంతు వంగి, అక్కడనుంచి కిందికి గట్టిగా నిలిచే రాడ్ ఎంచుకోండి. ‘మోడరేట్ ఫాస్ట్’ అని రాసి ఉంటే దాదాపు అదే. ‘ఫాస్ట్’ దొరికినా పర్వాలేదు. ‘ఎక్స్‌ట్రా ఫాస్ట్’ వద్దు, అది చివరి కొస దగ్గరే వంగుతుంది.

గ్రాఫైట్ రాడ్ తేలిక, రేకు దడ చేతికి బాగా అందిస్తుంది. ఈ దడ వినడం నేర్చుకోవాలి. రేకుకి నాచు పోగు చుట్టుకుంటే దడ మొద్దుబారుతుంది, అప్పుడు చుట్టేసి శుభ్రం చేసుకోవాలి. వెనక చేప దగ్గరకొచ్చి నీటిని తోసినా, ఎర పట్టి మనవైపే ఈదినా దడ ఒక్కసారిగా ఆగిపోతుంది. దెబ్బ తగిలిందాకా ఎదురుచూడకుండా దడ ఆగగానే రాడ్ లేపేవాడికి చేపలు ఎక్కువ పడతాయి.

కొట్లో చేసుకోవాల్సిన పరీక్షలు

దారం చుట్టిన రీల్ ఏదైనా బిగించమనండి. దారాన్ని రింగుల్లోంచి తీసి కొసకి మీ ఎర బరువుండే సీసం గుండు కట్టండి. పిడి పట్టుకుని మెల్లగా ఊపితే కొస ఆ బరువుకి వంగి లేవాలి. అసలు కదలకపోతే ఆ రాడ్ మీ ఎరకి బిరుసు. తర్వాత మీతో వచ్చినవాళ్లని దారం పట్టుకోమని, రాడ్‌ని నిదానంగా పైకెత్తండి, గుంజొద్దు. వంపు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతోందో పక్కనుంచి చూడండి. నున్నటి గుండ్రటి వంపు రావాలి. మధ్యలో ఎక్కడైనా మడతలా కనిపిస్తే పక్కన పెట్టేయండి.

కాస్త దూది తీసుకుని ప్రతి రింగు లోపలా తిప్పండి. పోగు పట్టుకుందంటే అక్కడ పింగాణీ పగిలినట్టే. కంటికి కనిపించని ఆ పగులు మీ దారాన్ని ప్రతి విసురుకీ కోస్తుంది.

నౌపడ–గుణుపురం రైల్లోనో, బస్సులోనో తిరిగేవాళ్లు రెండు ముక్కల రాడ్ తీసుకోవడమే నయం. అతుకు దగ్గర బిగించి ఊపినప్పుడు టిక్ టిక్ అనకూడదు, అంతే.

రీల్: వేగం కంటే లాగే బలం

రెండు దారులున్నాయి. బెయిట్‌కాస్టర్ రాడ్ పైన కూర్చుంటుంది, విసిరేటప్పుడు బొటనవేలు స్పూల్ (దారం చుట్టుకునే చక్రం) మీద ఉండాలి. గురి కుదురుతుంది, మందపు దారం పడుతుంది, తుక్కులోంచి చేపని లాగడానికి దానికి సాటి లేదు. వేలు అలవాటు పడేదాకా మాత్రం దారం ఉండచుట్టుకుంటుంది. స్పిన్నింగ్ రీల్ రాడ్ కింద వేలాడుతుంది, మొదటి రోజే విసరొచ్చు, ఎదురుగాలిలో కూడా ఇబ్బంది తక్కువ. మధ్యాహ్నం సముద్రపు గాలి కొట్టే గోపాలపురం, ఛత్రపురం వైపు మొదటి రీల్‌గా నేను స్పిన్నింగే చెబుతాను. సైజు 3000, దానికి తగ్గ స్పిన్నింగ్ రాడ్. రెండిటి రాడ్‌లూ వేరు, ఒకదాని రీల్ ఇంకోదానికి బిగించకండి.

గేర్ నిష్పత్తి దగ్గర జనం తరచూ పెద్ద అంకె చూసి మోసపోతారు. 7.1:1 అంటే పిడి ఒకసారి తిప్పితే స్పూల్ ఏడుసార్లకి పైగా తిరుగుతుందని. వేగం వస్తుంది, లాగే బలం తగ్గుతుంది. పెద్ద కొలరాడో రేకుని దాంతో గంటసేపు చుట్టి చూడండి, మణికట్టు లాగేస్తుంది. పైగా తెలియకుండానే వేగంగా చుట్టేస్తాం, ఎర నీటి పైకి తేలిపోతుంది. స్పిన్నర్‌బెయిట్‌కి బెయిట్‌కాస్టర్‌లో 5.4:1 నుంచి 6.4:1 మధ్యది, స్పిన్నింగ్‌లో 5.2:1 దగ్గరిది తీసుకోండి. స్పిన్నింగ్ స్పూల్ పెద్దది కాబట్టి తక్కువ అంకెతోనే అంత దారం వచ్చేస్తుంది. అనుమానం ఉంటే దారానికి గుర్తు పెట్టి, పిడి పదిసార్లు తిప్పి, వచ్చిన దారాన్ని టేపుతో కొలవండి. ఏడు మీటర్లకి అటూ ఇటూ ఉంటే మీకు కావాల్సిన రీల్ అదే.

డ్రాగ్ అంటే చేప బలంగా లాగినప్పుడు దారాన్ని వదిలే బిగువు. దారం చేత్తో లాగి చూడండి. కదలకుండా ఉండి ఒక్క కుదుపుతో మొదలైతే ఆ కుదుపులోనే దారం తెగుతుంది. మెత్తగా మొదలై ఒకే బిగువుతో రావాలి. బేరింగుల లెక్క కంటే ఇది ముఖ్యం.

దారం, ముడి

తుక్కున్న చెరువుకి 30 నుంచి 40 పౌండ్ల బరువు ఆగే బ్రెయిడ్ (సన్న పోగులతో అల్లిన) దారం వేసుకోండి. సాగదు, కలువ కాడల్ని కోసుకుంటూ వస్తుంది. కొసన మూరెడు పొడవున 30 పౌండ్ల తంగూసు (నైలాన్ దారం) కలిపితే కొర్రమీను పళ్ల రాపిడికి ఆగుతుంది. పండుగప్పకైతే 40 పౌండ్లది, దాని చెంప రేకులు కత్తుల్లా ఉంటాయి. తుక్కు లేని తేట చెరువులో బ్రెయిడ్ మానేసి 15 పౌండ్ల మామూలు తంగూసు వాడినా చాలు, అది సాగే గుణమే చేప నోట్లో ఎరని కాసేపు ఉండనిస్తుంది.

స్పిన్నర్‌బెయిట్ తీగ వంపు దగ్గర మూసిన చుట్ట ఉండొచ్చు, ఊరికే తెరిచిన వంపైనా ఉండొచ్చు. తెరిచిన వంపు ఉన్నదానికి క్లిప్పు తగిలించకండి, జారి తీగ మీదకి పోతుంది. నేరుగా పాలోమర్ ముడి (దారాన్ని రెండు పేటలు చేసి వేసేది) వేసి, తడిపి బిగించండి.

డ్రాగ్ బిగించడానికి స్ప్రింగ్ త్రాసు దారానికి తగిలించి లాగండి. దారం తెగే బరువులో మూడో వంతు దగ్గర స్పూల్ జారడం మొదలవ్వాలి. 30 పౌండ్లంటే సుమారు పదమూడున్నర కిలోలు, కాబట్టి నాలుగున్నర కిలోల దగ్గర. ఆరేడు కిలోల డ్రాగ్ ఉన్న రీల్ దీనికి ధారాళంగా సరిపోతుంది.

ఎక్కడ వెయ్యాలి, ఎక్కడ వద్దు

చాలా ఊరి చెరువులు లీజులో ఉంటాయి, జలాశయాల్లో మత్స్యకారుల సంఘాలకి హక్కులుంటాయి. అడిగి వెయ్యండి. దిగపహండి వైపు ఘోడాహాడ జలాశయంలో మొసళ్లున్నాయి. అక్కడ నీళ్లలో దిగి విసరడం, ఎర తగులుకుంటే తీయడానికి దిగడం చేయకండి. ఋషికుల్య మొగ దగ్గర సముద్రంలో తాబేళ్ల కోసం నవంబర్ 1 నుంచి మే 31 దాకా వేట నిషేధం, ఆ రోజుల్లో అటు పోవద్దు.

వానాకాలం చెరువు మీద ఒకచోట ఎర్రటి చిన్న చేపపిల్లల గుంపు బుడబుడలాడుతూ కనిపిస్తే కింద తల్లీతండ్రీ కొర్రమీనులు కాపలా ఉన్నట్టు. ఆ గుంపులో ఎర పడేస్తే అవి ఆకలి లేకపోయినా కొడతాయి. దయచేసి వెయ్యకండి. పెద్దచేపని తీసేస్తే ఆ పిల్లల్ని మిగతా చేపలు తినేస్తాయి.

గ్రాఫైట్‌లో కరెంటు పారుతుంది. కరెంటు తీగల కింద రాడ్ ఎత్తకండి. వేసవి సాయంత్రాల్లో ఉరుము వినపడగానే రాడ్ కింద పెట్టి గట్టు దిగి పక్కా ఇంట్లోకి వెళ్లిపోండి. ఒడిశాలో ఏటా పిడుగులకి ఎంతమంది పోతున్నారో ఈ ప్రాంతంలో ఉన్నవాళ్లకి చెప్పక్కర్లేదు.

బాహుదా, ఋషికుల్య ఉప్పునీళ్లలో వేసి వచ్చిన రోజు డ్రాగ్ బిగించి, రీల్ మీద మంచినీళ్లు సన్నగా పోసి, తుడిచి, ఆరాక డ్రాగ్ వదులు చేసి పెట్టండి. రాడ్ రింగుల్ని తడిగుడ్డతో తుడవండి. ఎరల్ని తడిగా పెట్టెలో వెయ్యకండి, ఒకదాని తుప్పు పెట్టెలోని ముళ్లన్నిటికీ పట్టేస్తుంది.