జనాన్ని గమనించడం – 4వ పాఠం: 'సంస్కారం' అన్న మాట కొట్టేయండి

పోయినసారి అమీర్‌పేట మెట్రోలో, ఎర్ర లైను దిగి నీలం లైను ఎక్కేచోట పావుగంట నిలబడి, కనబడింది కనబడినట్టు రాయమన్నాను. రాశారు, సంతోషం. కానీ సగానికి పైగా ఒకటే పాట: "మనవాళ్ళకి సంస్కారం లేదు, దిగేవాళ్ళని దిగనివ్వరు." ఇది గమనించడం కాదండీ, తిట్టడం. అందుకే గుంపు ఒత్తిడి పాఠం వాయిదా. మనస్తత్వవేత్త ఆష్ గీతల ప్రయోగం (చుట్టూ ఉన్నవాళ్ళంతా గీత పొడవు తప్పు చెబితే, చాలామంది ఒక్కసారైనా తామూ అదే చెప్పారు) ఎలాగూ మీకు తెలిసిందే.

మీరు పడ్డ గోతికి 1977లో లీ రాస్ అనే మనస్తత్వవేత్త పేరు పెట్టాడు. మనం దాన్ని ఆపాదన దోషం అందాం, అంటే పరిస్థితిని చూడకుండా తప్పంతా మనిషి గుణానికి అంటగట్టడం. ఎదుటివాడు తోస్తే వాడి బుద్ధి అలాంటిది, మనం తోస్తే ఆఫీసుకి ఆలస్యమైంది! నేనూ తక్కువ తినలేదు. మొన్న కోఠిలో బస్సు ఆపకుండా పోయాడని డ్రైవరుకి పొగరన్నాను. తల తిప్పి చూస్తే స్టాపు నిండా ఆటోలే, పాపం ఎక్కడ ఆపుతాడు?

ఇంకా నమ్మకపోతే 1973లో డార్లీ, బాట్సన్ అనే మనస్తత్వవేత్తలు అమెరికాలోని ప్రిన్స్‌టన్‌లో చేసిన ప్రయోగం చూడండి. మతగురువులు కావడానికి చదువుతున్న 40 మందిని పక్క భవనంలో మాట్లాడమని పంపారు. దారిలో గుమ్మం దగ్గర ఒకడు కూలబడి దగ్గుతూ మూలుగుతున్నాడు. తీరిగ్గా వెళ్ళినవాళ్ళలో 63 శాతం సాయపడ్డారు. "ఆలస్యమైంది, పదండి" అని తరిమితే వెళ్ళినవాళ్ళలో 10 శాతమే. ఆ 40 మందిలో సగం మంది మాట్లాడబోయేది మంచి సమరయుడి కథ గురించే, దారిలో పడున్న పరాయివాడికి సాయపడిన మనిషి గురించిన బైబిల్ కథ! దానివల్ల చెప్పుకోదగ్గ తేడా రాలేదు. కొందరైతే ఆ మనిషిని దాటుకుని మరీ వెళ్ళారు. వీళ్ళకి సంస్కారం లేదందామా? అలాగని గుణం ఉత్తిదే అనను, తొందరలోనూ ఆగినవాళ్ళున్నారుగా. గుణం సంగతి ఆఖర్న చూడండి అంటున్నాను.

ఒకరు మాత్రం ఇలా రాశారు: "తలుపు తెరుచుకుంది. టిఫిన్ క్యారియర్ సంచి గుండెలకి హత్తుకుని ఒకావిడ పక్కకి తిరిగి దిగింది. ఆమె కాలు బయట పడకముందే ఇద్దరు ఎక్కారు." ఎక్కడా తీర్పు లేదు. ఇలా కావాలి.

నా అడ్డదారి: రాశాక విశేషణాలన్నీ కొట్టేసి, క్రియలు ఉంచండి. పెన్సిలే వాడండి. ఫోన్ ఎత్తారంటే జనం సర్దుకుంటారు.

అభ్యాసం, కొంచెం కష్టమే: అదే స్టేషన్, అదే తలుపు. మూడు పనిరోజులు ఉదయం 9కి, ఒక ఆదివారం మధ్యాహ్నం 3కి. ప్రతిసారీ పది రైళ్ళు. ముందున్నవాడు పక్కకి తప్పుకుంటే వెనకవాళ్ళు ఏం చేశారో విడిగా రాయండి. వాయిదా వేసిన గుంపు ఒత్తిడి పాఠం, ఆష్ పాఠం, అక్కడ మొదలవుతుంది.