కడుపు మాడ్చుకోకుండా బరువు తగ్గాలంటే క్యాలరీల లెక్క ఎలా వేసుకోవాలి?

బరువు తగ్గాలని అనుకున్న మర్నాడే తిండి సగానికి సగం కోసేసేవాళ్లు చాలామంది. రోజుకు 500 క్యాలరీలు తగ్గించాలని ఎక్కడో విని ఉంటారు. ఆ అంకె కొందరికి సరిపోతుంది, ఇంకొందరికి మరీ ఎక్కువవుతుంది. మీకు ఎంత సరిపోతుందో మీరే లెక్క వేసుకోవచ్చు, పది నిమిషాల పని.

ఒక్క మాట ముందే చెప్పాలి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, 18 ఏళ్లు నిండనివాళ్లు, తిండి విషయంలో ఇదివరకు మానసికంగా ఇబ్బంది పడినవాళ్లు దీన్ని సొంతంగా మొదలుపెట్టొద్దు. షుగర్‌కి ఇన్సులిన్ గానీ మాత్రలు గానీ వాడేవాళ్లు కూడా డాక్టర్‌ని అడిగాకే మొదలుపెట్టాలి, ఎందుకంటే తిండి తగ్గించి మందు మోతాదు అలాగే ఉంచితే షుగర్ ప్రమాదకరంగా పడిపోవచ్చు.

మొదటి పని, ఏమీ చేయకుండా పడుకుని ఉన్నా మీ ఒంటికి ఎంత కావాలో చూసుకోవడం. కిలోల్లో బరువును 10తో, సెంటీమీటర్లలో ఎత్తును 6.25తో హెచ్చించి రెండూ కలపండి. అందులోంచి వయసుకు 5 రెట్లు తీసేయండి. వచ్చినదానికి మగవాళ్లయితే 5 కలపాలి, ఆడవాళ్లయితే 161 తీసేయాలి. 72 కిలోలు, 160 సెంటీమీటర్లు, 35 ఏళ్లు ఉన్న ఒకావిడ లెక్క చూద్దాం: 720, 1000 కలిపితే 1720, అందులో 175 పోతే 1545, ఇంకో 161 పోతే 1384. దీన్ని మిఫ్లిన్-సెయింట్ జియోర్ సూత్రం అంటారు, 1990లో వచ్చింది. ఇది అంచనాయే, మనిషికీ మనిషికీ కాస్త తేడా ఉంటుంది.

రోజంతా కూర్చుని చేసే పనైతే ఆ అంకెను 1.2తో, వారంలో కొన్ని రోజులు తేలికపాటి వ్యాయామం చేస్తే 1.375తో, ఓ మాదిరి వ్యాయామం దాదాపు రోజూ ఉంటే 1.55తో హెచ్చించండి. ఇక్కడ నిజాయితీగా ఉండాలి, చాలామంది తమకున్న కదలిక కంటే ఒక మెట్టు ఎక్కువే వేసుకుంటారు. మనం చెప్పుకున్న ఆవిడది కూర్చుని చేసే ఉద్యోగం అనుకుంటే రోజుకు ఖర్చు దాదాపు 1660.

ఇప్పుడు అందులోంచి 500 తీసేస్తే మిగిలేది 1160. డాక్టర్ పర్యవేక్షణ లేకుండా ఆడవాళ్లు 1200 కంటే, మగవాళ్లు 1500 కంటే కిందికి దిగొద్దని సాధారణంగా చెబుతారు. అంటే అందరూ చెప్పే ఆ 500 ఈవిడకి పనికిరాదు! తిండిలో 300 తగ్గించి, రోజూ 45 నిమిషాలు చురుగ్గా నడిచి ఇంకో 150 ఖర్చు చేసుకుంటే లోటు 450 అవుతుంది, కడుపుకి తిండీ ఉంటుంది. కిలో కొవ్వులో దాదాపు 7700 క్యాలరీలు ఉంటాయి కాబట్టి కాగితం మీద ఇది వారానికి 400 గ్రాములు. తక్కువ అనిపిస్తుందని తెలుసు, కానీ మరీ వేగంగా తగ్గితే కొవ్వుతో పాటు కండా ఎక్కువ పోతుంది, పిత్తాశయంలో రాళ్లు వచ్చే అవకాశం కూడా పెరుగుతుంది.

తగ్గించే ముందు ఒక వారం ఏమీ మార్చకుండా, తిన్నదీ తాగిందీ అంతా రాసుకోండి. వంట చేస్తూ రుచి చూసింది, ఎవరో పెడితే నోట్లో వేసుకున్న రెండు ముక్కలు, అన్నీ. ప్యాకెట్ మీద అంకె కిలోజౌళ్లలో ఉంటే 4.2తో భాగించండి. ఈ వారం నిజంగా కళ్లు తెరిపిస్తుంది, ఎందుకంటే ఎక్కువ క్యాలరీలు మనం తిండిగా లెక్కపెట్టని వాటిలోనే దాక్కుని ఉంటాయి. పిండిపదార్థాలు, ప్రొటీన్ గ్రాముకి 4 క్యాలరీలిస్తే కొవ్వు 9 ఇస్తుంది, మద్యం 7. ఒక పెద్ద చెంచా నూనెలోనే 120 దాకా ఉంటాయి, కాబట్టి నూనెను సీసాలోంచి వంపకుండా చెంచాతో కొలిచి వేసుకుంటే, చక్కెర వేసిన పానీయాలు మానేస్తే, చాలామందికి ఆ 300 అక్కడే దొరుకుతాయి.

ప్రొటీన్ మాత్రం తగ్గించొద్దు. పప్పులు, గుడ్లు, చేపలు, పెరుగు, ఏది తిన్నా సరే, దానికి తోడు కూరగాయలు ఎక్కువగా ఉంటే అంత త్వరగా ఆకలి వేయదు. వారానికి రెండుసార్లు కండరాలకు పని చెప్పే వ్యాయామం కూడా చేయండి. చేతి గడియారం ఇన్ని క్యాలరీలు ఖర్చయ్యాయని చూపిస్తే దాన్ని నమ్మి అంతా తినేయొద్దు, ఆ అంకెలు చాలాసార్లు ఎక్కువ చూపిస్తాయి.

బరువు పొద్దున్నే, బాత్రూమ్‌కి వెళ్లొచ్చాక, ఏమీ తినకముందు చూసుకోండి. ఉప్పు ఎక్కువ తిన్నా, నెలసరి దగ్గరపడినా ఒంట్లో నీరు చేరి ఒక్క రోజులో కిలో తేడా రావచ్చు, దానికి టెన్షన్ పడి తిండి మానేయకండి. మొదటి వారంలో ఒకేసారి రెండు కిలోలు తగ్గినా అందులో ఎక్కువ భాగం నీరే. ఏడు రోజుల సగటు తీసి దాన్ని పోయిన వారం సగటుతో పోల్చండి, నెలకోసారి నడుం కొలత కూడా రాసుకోండి.

మూడు, నాలుగు వారాలు సగటు కదలకపోతే మొదట రాసుకోవడంలో ఏం వదిలేస్తున్నారో చూడండి, చాలాసార్లు తేడా అక్కడే ఉంటుంది. రాత సరిగ్గానే ఉంటే 100 తగ్గించండి, లేదా ఇంకో పావుగంట నడవండి, 1200 దగ్గరున్నవాళ్లకు నడకే దారి. నీరసం, కళ్లు తిరగడం, జుట్టు రాలడం, నెలసరి తప్పడం కనిపిస్తే మాత్రం ఇంకా తగ్గించడం కాదు, ఆపి డాక్టర్‌ని కలవాలి.

బరువు తగ్గేకొద్దీ ఖర్చూ తగ్గుతుంది. ఆవిడే 66 కిలోలకు వస్తే రోజు ఖర్చులో దాదాపు 70 క్యాలరీలు తగ్గిపోతాయి, అందుకే నాలుగైదు కిలోలకోసారి లెక్క మళ్లీ వేసుకోవాలి. అనుకున్న బరువుకి చేరాక ఒక్కసారిగా పాత తిండికి వెళ్లకుండా వారానికి 100 చొప్పున పెంచుకుంటూ పోండి, సగటు ఎక్కడ నిలకడగా ఉంటుందో అదే ఇకపై మీ రోజువారీ అంకె.