మూడో తరం కార్వెట్‌లో హెడ్‌లైట్లు లేవడం లేదా? రిలే కొనే ముందు ఇవి చూడండి

షెవ్రొలె స్పోర్ట్స్ కారు కార్వెట్‌లో 1968 నుంచి 1982 దాకా వచ్చిన మూడో తరంలో, పడుకుని ఉండే హెడ్‌లైట్లను పైకి లేపేది మోటారు కాదు, ఇంజిన్ వ్యాక్యూమ్, అంటే ఇంజిన్ గాలిని పీల్చే శక్తి. దీనికి ముందు తరంలో కరెంటు మోటార్లు ఉండేవి, తర్వాతి తరంలోనూ మోటార్లే వచ్చాయి. మధ్యలోని ఈ తరానికి మాత్రం రబ్బరు గొట్టాలు, డయాఫ్రమ్‌లు (పలుచని రబ్బరు పొరలు). ఇప్పుడు వాటి వయసు నలభై దాటింది. అందుకే ఫిర్యాదులు ఎక్కువ. కానీ చాలా కార్లలో పాడైన భాగమేమీ ఉండదు, అనవసరంగా కొత్త పార్టులు మాత్రం పడతాయి.

ఒక్క విషయం బుర్రలో పెట్టుకుంటే మిగతాదంతా తేలిక. ఇంజిన్‌లోకి గాలి వెళ్లే ఇంటేక్ మానిఫోల్డ్ నుంచి వ్యాక్యూమ్ చెక్ వాల్వ్ (గాలిని ఒకే వైపు పోనిచ్చేది) దాటి ట్యాంకులోకి, అక్కడి నుంచి రెండు రిలేలకు (ఇవి కరెంటు రిలేలు కావు, వ్యాక్యూమ్‌ను ఎటు పంపాలో మార్చే వాల్వులు), వాటి నుంచి లైట్లను కదిపే రెండు యాక్చుయేటర్లకు వెళ్తుంది. ఇది లావు గొట్టాల దారి. దీనికి తోడు లైట్ స్విచ్ నుంచి రిలేలకు సన్న గొట్టాల దారి వేరే ఉంది. స్విచ్ ఆఫ్‌లో ఉన్నంతసేపూ సన్న గొట్టాల్లో వ్యాక్యూమ్ నిలిచి ఉంటుంది. స్విచ్ లాగగానే అది పోతుంది, రిలే అటు తిరిగి లైట్లను లేపుతుంది. అంటే సన్న గొట్టం లీకైతే లైట్లు లేవకపోవడం కాదు, మీరు అడగకుండానే లేస్తాయి.

లైట్లు లేచి ఉన్నాయి, ఆఫ్ చేసినా పడుకోవు

స్టీరింగ్ కాలమ్ కింద చెయ్యి పెట్టండి. అక్కడ చిన్న ఓవర్‌రైడ్ స్విచ్ ఒకటి ఉంటుంది. దీపాలు వెలిగించకుండానే లైట్లను పైకి లేపడానికి ఇచ్చింది అది. కారు కడిగినప్పుడో, డ్యాష్ కింద పని చేసినప్పుడో మోకాలు తగిలి బయటికి వచ్చి ఉంటుంది. లోపలికి నొక్కండి, అయిపోయింది. దయచేసి ఇది మొదట చూడండి. ఈ ఒక్క స్విచ్ చూడకుండా రెండు రిలేలూ మార్చేసి వచ్చిన కార్లు నా చేతికి ఒకటి కాదు, చాలా వచ్చాయి.

స్విచ్ సరిగ్గానే ఉంటే ఓవర్‌రైడ్ దగ్గర, లైట్ స్విచ్ వెనకాల ఉన్న సన్న గొట్టాల చివరలు చూడండి. చివర్లు వదులైపోయి, వేలితో తాకితేనే ఊడివస్తాయి. గొట్టం మెత్తగా ఉంటే చివర అర అంగుళం కోసి మళ్లీ తొడగండి. గట్టిపడిపోయి ఉంటే మొత్తం మార్చేయండి.

రాత్రి పడుకున్న లైట్లు ఉదయానికి లేచి కనిపించడం కూడా ఈ కుటుంబానిదే. సన్న గొట్టాల్లో వ్యాక్యూమ్ కారిపోయింది, ట్యాంకులో ఇంకా కొంత మిగిలి ఉంది, ఆ మిగిలింది వెళ్లి లైట్లను లేపింది.

రెండూ లేవవు, లేదా రెండూ నత్తనడక

ఇంజిన్‌ను ఒక నిమిషం నడిపి ఆపేయండి. ఆపాక స్విచ్ లాగండి. ట్యాంకులో దాచుకున్న వ్యాక్యూమ్‌తో లైట్లు కనీసం ఒకసారి లేచి పడుకోవాలి. ఇంజిన్ నడుస్తుంటే బాగా లేచి, ఆపగానే చచ్చుపడితే చెక్ వాల్వ్ గానీ, ట్యాంకు గానీ, వాటి మధ్య గొట్టం గానీ లీకు. చెక్ వాల్వ్ తీసి నోటితో ఊదితే తేలిపోతుంది. గాలి ఒక వైపు నుంచే పోవాలి. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కినప్పుడు లైట్లు ఊగినా అనుమానం ఈ వాల్వ్ మీదే, ఎందుకంటే అప్పుడు మానిఫోల్డ్‌లో వ్యాక్యూమ్ పడిపోతుంది.

ఇంజిన్ నడుస్తున్నా నిదానమేనా? మానిఫోల్డ్ దగ్గర గేజ్ పెట్టండి. మామూలు ఇంజిన్ ఐడిల్‌లో 17 నుంచి 21 అంగుళాలు (పాదరసం కొలతలో) చూపాలి. పెద్ద క్యామ్ (వాల్వులను ఎక్కువగా తెరిచే క్యామ్‌షాఫ్ట్) వేయించిన ఇంజిన్ అంత ఇవ్వదు, దానికి హెడ్‌లైట్లను తప్పుపట్టకండి. 1968–72 కార్లలో వైపర్ల మీది తలుపు కూడా ఇదే వ్యాక్యూమ్‌తో నడుస్తుంది, దాని గొట్టాలూ చూడాలి. 1973 నుంచి ఆ తలుపు లేదు.

ఒక వైపు మాత్రమే నిదానం

నన్ను బాగా ఇబ్బంది పెట్టింది ఇదే, కాబట్టి కొంచెం నిదానంగా చెబుతాను.

మిషిగన్‌లో మా ఫ్రెండ్ 1977 కారు. ఎడమది టక్కున లేస్తుంది, కుడిది ముక్కుతూ మూలుగుతూ సగం దాకా వచ్చి ఆగిపోతుంది. పడుకోవడంలో మాత్రం ఏ లోపమూ లేదు. రిలే మార్చాం, గొట్టాలు మార్చాం. యాక్చుయేటర్‌కు గేజ్ ఉన్న వ్యాక్యూమ్ హ్యాండ్ పంప్ పెట్టి చూశాను, గేజ్ ముల్లు కదలకుండా నిలబడింది. "అన్నా, యాక్చుయేటర్ బాగుందిగా, ఇక వైరింగేనా?" అన్నాడు వాడు. నాకూ అదే అనిపించింది. తప్పు ఏమిటంటే నేను పంప్ పెట్టింది ఒక్క పోర్టుకే. చేతికి తేలిగ్గా అందింది అదే.

యాక్చుయేటర్‌కు రెండు గదులు, రెండు పోర్టులు. మధ్యలో డయాఫ్రమ్. ఒక గది నుంచి రాడ్ బయటికి వస్తుంది, ఆ వచ్చే చోట రబ్బరు సీల్ ఉంటుంది. ఎండకు, వేడికి అది ఎండి గట్టిపడుతుంది. రాడ్ లేని గదికి సీల్‌తో పనిలేదు, కాబట్టి అటు పంప్ పెడితే సీల్ పోయినా బాగానే ఉంటుంది. రాడ్ ఉన్న గదికి పెట్టినప్పుడే సీల్ పక్క నుంచి గాలి లోపలికి దూరుతుంది. అందుకే లైట్ ఒక దిశలో బాగా కదిలి, రెండో దిశలో ఈడుస్తుంది. డయాఫ్రమ్ చిరిగి ఉంటే రెండు దిశల్లోనూ తేడా కనిపించేది. ఒక్క దిశలోనే లోపముంటే చాలాసార్లు సీలే.

పరీక్ష ఇలా చేయండి. యాక్చుయేటర్‌ను కార్లోంచి తీయకండి. లైట్‌ను చెక్కముక్కతో ఆపు పెట్టండి, లేకపోతే చెయ్యి నలుగుతుంది. రెండు పోర్టులకూ విడివిడిగా 15 అంగుళాలు పంప్ చేసి నిమిషం చూడండి. ముల్లు నిలబడిందా? అక్కడితో ఆగకండి. రాడ్‌ను వేలితో మెల్లగా పక్కకు నెట్టండి. ఆ కారులో అప్పుడే ముల్లు జారడం మొదలైంది, చెవి దగ్గర పెడితే సన్నగా బుస్సుమన్న చప్పుడు. కార్లో రాడ్ మీద లైట్ బరువు పక్కకు పడుతుంది కాబట్టి సీల్ నోరు తెరుచుకుంటుంది. బయటికి తీసి బల్ల మీద పెడితే రాడ్ నిటారుగా ఉంటుంది, లీకు దాక్కుంటుంది.

ఇంకో గుర్తు. ఇంజిన్ ఐడిల్‌లో ఉండగా స్విచ్ లాగండి, లోపలికి నెట్టండి. ఒక స్థితిలో ఐడిల్ కాస్త ఎగుడుదిగుడై, రెండో స్థితిలో నున్నగా నడిస్తే, వ్యాక్యూమ్ ఆ గది నుంచి నిరంతరం కారుతోందని అర్థం. రెండు లైట్లకూ ట్యాంకు ఒకటే కాబట్టి ఒక పక్క సీల్ బాగా పోతే రెండో పక్క కూడా నిదానిస్తుంది. అనుమానం ఉన్న యాక్చుయేటర్ గొట్టాలు రెండూ ఊడదీసి, వాటి నోళ్లలో గోల్ఫ్ టీలు (గోల్ఫ్ బంతిని నిలబెట్టే చిన్న మేకులు) దోపండి. రెండో పక్క లైట్ వెంటనే చురుగ్గా లేస్తే దొంగ దొరికినట్టే.

సీల్ విడిగా దొరుకుతుంది. వేసే ముందు రాడ్‌ను చూడండి. తుప్పు గుంటలు ఉంటే వాటి మీద కొత్త సీల్ నెలల్లో అరిగిపోతుంది, అప్పుడు యాక్చుయేటర్ మొత్తం మార్చడమే మేలు. కొత్తది బిగించేటప్పుడు ఎర్ర గీత, పచ్చ గీత గొట్టాలు ఏది ఎక్కడుందో ముందే ఫోటో తీసుకోండి. తారుమారైతే స్విచ్ లాగినప్పుడు లైట్ పడుకుంటుంది.

మిగతావి

రిలే నిజంగా చెడిపోవడం అరుదు. దాని ఫిల్టర్ నుసైపోయి ఉంటే మార్చండి, చాలు. పివట్లు (లైట్ తిరిగే కీళ్లు) ఎండిపోయి బిగుసుకుంటే గ్రీజు పెట్టండి. లైట్లు లేచాయి, దీపం మాత్రం వెలగదంటే అది కరెంటు పని, గొట్టాల జోలికి పోకండి.

పని అయ్యాక ఇంజిన్ ఆపి, లైట్లు పడుకోబెట్టి, కారును షెడ్‌లో వదిలేయండి. పొద్దున తలుపు తీయగానే ముందు చూడాల్సింది అవి ఇంకా పడుకునే ఉన్నాయా అని.