అల్మాటీకి వచ్చే జూనియర్లకు: “మీదే జాతి?” అని అడిగినప్పుడు

అడ్మిషన్ల సమయం రాగానే నా ఫోన్ మోగడం మొదలవుతుంది. “అక్కా, కుక్కర్ తెచ్చుకోవాలా? చింతపండు ఎన్ని కిలోలు? ఎయిర్‌పోర్టులో ఆవకాయ ఆపుతారా?” వీటికి జవాబు చెప్పగలిగినవాళ్లు మీ హాస్టల్లో గదికొకరు ఉంటారు. మెడిసిన్ కోసం కజకిస్తాన్ వచ్చి నేనిక్కడ అల్మాటీలో ఆరేళ్లుగా ఉంటున్నాను. మనవాళ్లు చలికి అలవాటు పడతారు, తిండికి సర్దుకుంటారు, రష్యన్‌లో బేరమాడటం కూడా నేర్చుకుంటారు. ఎదురింట్లో ఉన్నది ఎవరో, వాళ్లు ఈ ఊరికి ఎలా చేరారో మాత్రం తెలుసుకోకుండానే తిరుగు విమానం ఎక్కేస్తారు. అందుకే ఇది రాస్తున్నాను.

తప్పనిసరి సంగతులు ముందు గబగబా చెప్పేస్తాను. మీరు దిగిన మూడు పనిదినాల్లోగా, మీకు వసతి ఇచ్చినవాళ్లు ఆ సంగతి మైగ్రేషన్ అధికారులకు తెలియజేయాలి. హాస్టలైనా అద్దె ఇల్లైనా ఇదే రూలు. జరిగిందో లేదో మీరే వెంటపడి అడగండి. పన్నెండంకెల ఐఐఎన్ నంబరు మన ఆధార్ లాంటిది. అది లేనిదే బ్యాంకు ఖాతా రాదు, డబ్బు చెల్లించడానికి అందరూ వాడే కాస్పీ యాప్ పనిచేయదు. కాస్పీ లేకపోతే ఇక్కడ కూరగాయలమ్మే ముసలమ్మ కూడా మీవైపు జాలిగా చూస్తుంది. దారి వెతకడానికి టూజిస్ యాప్, అంబులెన్సుకు 103. ఇంటికి ఫోన్ చేయడానికి లెక్కలేమీ వేయక్కర్లేదు. 2024 మార్చి నుంచి దేశమంతటికీ ఒకే సమయం, మనకంటే అరగంట వెనక. అమ్మ సీరియల్ టైము తప్పించి చేస్తే చాలు.

అల్మాటీలో దారి అడిగితే తూర్పు, పడమర అనరు. “పైకి వెళ్లు, రెండు వీధులు కిందికి దిగు” అంటారు. దక్షిణాన మంచు కొండలు ఉన్నాయి కదా, అటు వెళ్తే పైకి, ఉత్తరానికి వెళ్తే కిందికి. మన ఊళ్లలో కాలవకు ఎగువ, దిగువ అన్నట్టే. మొదటి వారం నేను దీన్ని మేడ మెట్లనుకుని ఒక భవనంలో మూడో అంతస్తుదాకా ఎక్కాను.

ఇక అసలు విషయం. వచ్చిన కొత్తలో ఒక కౌంటరు దగ్గర ఫారం నింపుతుంటే గుమస్తా ఆవిడ “నాత్సియోనల్నొస్త్?” అంది. “ఇండియన్” అన్నాను. అది పౌరసత్వం, నేనడిగింది అది కాదంది. నేను తెల్లమొహం వేశాను. ఆవిడ విసుక్కోకుండా “ఇందుస్” అని రాసేసుకుంది. నా పక్కనే ఉన్న కర్నూలు ముస్లిం అమ్మాయికీ “ఇందుస్” అనే పడింది. ఆ రష్యన్ మాటకు అసలు అర్థం హిందువు. వాడుకలో మాత్రం భారతదేశం నుంచి వచ్చినవాళ్లందరినీ అలాగే అంటారు. కజక్‌లో అయితే “ఉన్దీ”. కోపం తెచ్చుకోకండి.

ఇక్కడ ఏ దేశపు పౌరుడివి అన్నది ఒక ప్రశ్న, ఏ జాతివాడివి అన్నది ఇంకో ప్రశ్న. సోవియట్ రోజుల్లో ప్రతి మనిషి కాగితంలోనూ జాతికి ఒక గడి ఉండేది. “ఐదో గడి” అంటే పెద్దవాళ్లకు ఇప్పటికీ అర్థమవుతుంది. కజక్ అంటే జాతి. కజకిస్తానీ అంటే దేశ పౌరుడు. ఇక్కడే పుట్టి పెరిగిన రష్యన్‌నో కొరియన్‌నో “మీ కజక్‌లు” అన్నారంటే వాళ్లు మర్యాదగానే సరిదిద్దుతారు. రెండోసారి కూడా అంటే నొచ్చుకుంటారు. కొన్నాళ్లకు నేను “పౌరసత్వం ఇండియా, జాతి తెలుగు” అనడం మొదలుపెట్టాను. “ఆ, అలా చెప్పు!” అంటారు. ఒక దేశంలో వంద భాషలుంటాయని చెబితే ప్రపంచంలో ఇంకెవరికన్నా వివరించాలేమో గానీ వీళ్లకు అక్కర్లేదు.

ఎందుకు అక్కర్లేదో లెక్కలు చూస్తే తెలుస్తుంది. దేశం విస్తీర్ణం 27 లక్షల చదరపు కిలోమీటర్లు, జనం రెండు కోట్ల పైచిలుకు. 1959లో తమ సొంత నేల మీద కజక్‌లు వందకు ముప్పైమందే, రష్యన్లు నలభైకి పైనే. 2021 జనాభా లెక్కల్లో కజక్‌లు 70 శాతం, రష్యన్లు 15 శాతం. తర్వాత ఉజ్బెక్‌లు, ఉక్రేనియన్లు, ఉయ్‌గుర్లు, జర్మన్లు, తాతార్లు, కొరియన్లు, ఇంకా చాలామంది. అరవై ఏళ్లలో అంత మార్పు ఎలా వచ్చిందన్నదే ఈ దేశం కథ.

నాకా కథ పుస్తకంలో కాదు, ఒక ప్లాస్టిక్ డబ్బాలో దొరికింది. మా ఎదురు ఫ్లాట్‌లో ఒక కొరియన్ బామ్మ ఉంటుంది. చేరిన వారానికే తలుపు తట్టి, సన్నగా తరిగి వెల్లుల్లి, ధనియాలు, మిరపపొడి, వెనిగర్ పట్టించిన క్యారెట్ డబ్బా చేతిలో పెట్టబోయింది. నేను గడప ఇవతలి నుంచే చెయ్యి చాపాను. ఆమె డబ్బా వెనక్కి లాక్కుని, గడప దాటి లోపలికొచ్చి ఇచ్చింది. గడప మీదుగా ఇచ్చిపుచ్చుకోరాదట. మా అమ్మమ్మ పల్నాడులో కూర్చుని ఇదే మాట అంటుంది.

“కొరియా నుంచి ఎప్పుడొచ్చారు?” అని అడిగాను. ఇలా అడగడమే తప్పని అప్పట్లో తెలియదు. కొరియా తానెన్నడూ చూడలేదంది. 1937లో, జపానుకు గూఢచారులవుతారన్న నెపంతో, సోవియట్ దూరప్రాచ్యంలోని కొరియన్లందరినీ, దాదాపు లక్షా డెబ్బైవేల మందిని, స్టాలిన్ ప్రభుత్వం రైళ్లకెక్కించి మధ్య ఆసియాకు తోలేసింది. ఆ రైల్లో వాళ్లమ్మకు ఆరేళ్లు. ఉష్తొబె దగ్గర దింపితే, నేలలో గోతులు తవ్వుకుని మొదటి చలికాలం గడిపారు. కిమ్చి అనే తమ పచ్చడికి కావలసిన క్యాబేజీ ఇక్కడ దొరక్కపోతే క్యారెట్‌తో చేసుకున్నారనీ, అదే ఈ పచ్చడనీ చెప్పింది. ఇప్పుడు గ్రీన్ బజార్‌లో కొరియన్ సలాడ్ల వరసలో కొండల్లా పోసి అమ్ముతుంటారు. అన్నంలోకి బ్రహ్మాండంగా ఉంటుంది.

రైళ్లలో వచ్చింది ఒక్క కొరియన్లే కాదు. 1936లో పోలిష్ వాళ్లు, 1941లో వోల్గా జర్మన్లు, 1944లో చెచెన్లు, ఇంగుష్‌లు, మెస్ఖెతీ తుర్కులు. 1954 తర్వాత సోవియట్ నేత ఖ్రుష్చేవ్ బీడు భూములు దున్నించే పథకంతో రష్యన్లు, ఉక్రేనియన్లు లక్షల్లో వచ్చారు. వాళ్లలో చాలామంది తమంతట తాము వచ్చినవాళ్లే, ఆ తేడా గుర్తుంచుకోవాలి. 1989లో తొమ్మిదిన్నర లక్షలున్న జర్మన్లు, సోవియట్ కూలగానే అత్యధికులు జర్మనీకి వెళ్లిపోయి ఇప్పుడు రెండు లక్షల పైచిలుకు మిగిలారు. కనుక ఎవరినైనా “మీదే ఊరు?” అనే ముందు కాస్త ఆగండి. వాళ్లంతట వాళ్లు చెబితే వినండి. చెప్పడం మొదలుపెడితే మాత్రం టీ మూడోసారి పెట్టాల్సి వస్తుంది.

మరి కజక్‌లు తమ నేల మీద తామే తక్కువెలా అయ్యారు? పశువుల వెంట మైదానాల్లో తిరిగే జనాన్ని బలవంతంగా ఒకచోట కట్టేసి, మందలన్నీ సర్కారు లాక్కుంటే 1930-33 మధ్య కరువొచ్చింది. చరిత్రకారుల అంచనా ప్రకారం దాదాపు 15 లక్షలమంది పోయారు. వాళ్లలో 13 లక్షల వరకు కజక్‌లే, అంటే మొత్తం జాతిలో మూడోవంతుకు పైన. లక్షలమంది చైనావైపు, ఇంకెటో పారిపోయారు. మా గుంటూరు వైపు డొక్కల కరువు అన్న మాట రెండొందల ఏళ్లు కావస్తున్నా పోలేదు కదా. వీళ్లది తొంభై ఏళ్ల కిందటిదే. మే 31న స్మారక దినం. ఆ రోజు హాస్టల్ టెర్రస్ మీద పుట్టినరోజు పాటలు పెట్టకండి.

రొట్టెముక్క కింద పడితే పెద్దవాళ్లు తీసి నుదుటికి ఆనించుకోవడం చూస్తారు. మనం మెతుకు కళ్లకద్దుకున్నట్టే. రొట్టెను బోర్లించి పెట్టరు, చెత్తలో వేయరు. మా హాస్టల్లో మిగిలిన రొట్టె డస్ట్‌బిన్‌లో వేసినందుకు వార్డెన్ ఏడ్చినంత పని చేసింది. అప్పుడు మాకు అతి అనిపించింది.

రాజధాని అస్తానా వెళ్తే ఊరి బయట అక్మోల్‌లో అల్జీర్ మ్యూజియం చూడండి. “దేశద్రోహుల భార్యల” శిబిరం అది. మొగుడి మీద నేరం మోపారు గనుక పెళ్లాం జైల్లో ఉండాలన్నమాట. దాని గురించి ఒక సంగతి చెప్పుకుంటారు. చలిలో రెల్లు కోస్తున్న ఖైదీ ఆడవాళ్ల మీదికి దగ్గరి పల్లెలోని ముసలివాళ్లు, పిల్లలు తెల్లటి రాళ్లు విసిరారట. “చూశారా, ఇక్కడా మిమ్మల్ని అసహ్యించుకుంటున్నారు” అని కాపలావాళ్లు నవ్వారట. ఒకామె జారి ఆ రాళ్ల మీద పడితే పెరుగు వాసన వచ్చింది. అవి కుర్త్, ఉప్పేసి ఎండబెట్టిన పెరుగు ఉండలు. ఇప్పుడు ప్రతి కిరాణా కొట్టులో దొరుకుతాయి. మొదటిది కొరికినప్పుడు పన్ను ఊడిందనుకున్నాను. రెండోది చప్పరించాను.

అందరూ కలిసిమెలిసి ఉంటారని పోస్టర్లు చెబుతాయి. చాలావరకు నిజమే, పూర్తిగా కాదు. 1986 డిసెంబరులో, దీర్ఘకాలం నాయకుడిగా ఉన్న కునాయెవ్‌ను తీసేసి ఈ నేలతో సంబంధమే లేని కోల్బిన్‌ను మాస్కో పంపితే, మన వయసు విద్యార్థులు అల్మాటీ చౌరస్తాలోకి వచ్చారు, దెబ్బలు తిన్నారు. ఐదేళ్ల తర్వాత డిసెంబరు 16నే స్వాతంత్ర్యం ప్రకటించుకున్నారు. 2020లో కొర్దాయ్ ప్రాంతంలో కజక్‌లకూ, చైనా మూలాలున్న ముస్లింలైన డుంగాన్లకూ మధ్య గొడవై పదిమందికి పైగా చనిపోయారు. భాష దగ్గర రోజూ ఒక చిన్న ఒరిపిడి ఉంటుంది. కజక్ అయి ఉండీ కజక్ సరిగా రానివాళ్లను “షాలా కజక్” అని ఎకసెక్కం చేస్తారు. చైనా, మంగోలియాల నుంచి తిరిగొచ్చిన “కందాస్” కజక్‌లకేమో భాష గడగడా వచ్చు, రష్యన్ రాదు. ఈ చర్చల్లో మీరు పక్షం తీసుకోకండి. మన దగ్గర తెలుగు మీడియమా ఇంగ్లీషు మీడియమా గొడవలో పరాయివాడు తల దూర్చితే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

మీకు మాత్రం రెండూ కొంచెం కొంచెం కావాలి. బజారుకు, బస్సుకు రష్యన్ చాలు. వార్డులోకి వెళ్లాక పల్లె నుంచొచ్చిన అవ్వ మీ రష్యన్ వినదు. “కాయ్ జెరింగిజ్ అవ్రాదు?” అంటే ఎక్కడ నొప్పి అని. ఈ ఒక్క వాక్యంతో ఆవిడ ముఖం విప్పారుతుంది, తర్వాత ఆమె చెప్పేది మీకు ఒక్క ముక్క అర్థం కాదు, అది వేరే సంగతి. హైదరాబాదువాళ్లకు కాస్త సులువు. దోస్త్ ఇక్కడ “దోస్”, ఖబర్ “హబర్”, దునియా “దునియె”, సబ్బు “సబిన్”.

మేడమ్‌ను “అపాయ్” అనాలి. మొదటిరోజు క్లాసంతా “అపాయ్, అపాయ్” అంటుంటే మనకేం అపాయం వచ్చిందా అని తలుపు వైపు చూశాను. సార్‌ని “అగాయ్”. పెద్దాయన పేరు నుర్లాన్ అయితే గౌరవంగా “నురెకె” అంటారు, మన గారు లాగా. వియ్యంకుడికి “కుదా”, వియ్యపురాలికి “కుదగీ” అని మాటలున్నాయి. ఇంగ్లీషులో చెప్పలేక మనం అవస్థపడే చుట్టరికాలకు వీళ్ల దగ్గర రెడీగా పేర్లు ఉంటాయి.

కజక్‌లిద్దరు కలిస్తే “నీ రూ ఏది?” అని అడుగుతారు. రూ అంటే వంశం. దాదాపు వంశాలన్నీ పెద్ద, మధ్య, చిన్న అని మూడు జూజ్‌ల కింద ఉంటాయి. ఇది వినగానే మనవాళ్లు “ఓహో, కులం” అనేస్తారు. కాదు. వృత్తిని బట్టి వచ్చింది కాదు, అంటు లేదు. మన ఇంటిపేరు, గోత్రానికి దగ్గర. ఏడు తరాల తాతల పేర్లు పిల్లలకు నేర్పిస్తారు. ఆ ఏడు తరాల్లో రక్తసంబంధం ఉంటే పెళ్లి నిషిద్ధం.

ఇది తెలియక నేను చేసిన నిర్వాకం చెబుతాను. జెనెటిక్స్ క్లాసులో ఎవరి వంశవృక్షం వాళ్లు బోర్డు మీద గీయాలి. మా అమ్మమ్మ తన మేనమామనే చేసుకుంది కదా, హుషారుగా రెండు గీతలు కలిపేశాను. క్లాసు నిశ్శబ్దమైపోయింది. అపాయ్ మెల్లగా “నువ్వు గీత తప్పు గీశావు” అంది. తప్పు కాదని చెప్పాక ఒకమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నెల రోజులపాటు నాకు జాలి చూపులు. మేనరికాల ముచ్చట పరిచయం ముదిరాక చెప్పండి.

భోజనానికి పిలిస్తే వెళ్లండి. చెప్పులు గుమ్మం దగ్గరే విప్పాలి. టీ కప్పులో సగమే పోస్తే పిసినారితనం అనుకోకండి. అది గౌరవం, మళ్లీ మళ్లీ పోస్తూ ఉంటారు. నిండా పోశారంటే ఇక లేవమని. గుర్రపు మాంసంతో చేసే కాజీ పెట్టడం పెద్ద మర్యాద. తిననివాళ్లు మొహం చిట్లించకుండా “మా ఇంట్లో ఆచారం లేదు” అంటే ఆచారం అన్న మాటకు విలువిస్తారు. శాకాహారులకు ముందే ఒక హెచ్చరిక. మాంసం వద్దంటే కోడి తెస్తారు. తొందరగా వెళ్లాలన్నా రొట్టె తుంచుకుని నోట్లో వేసుకోనిదే వదలరు. “ఔజ్ తీ” అంటారు. మన “ఎంగిలిపడి వెళ్లు” అన్నమాటే.

మార్చిలో వీళ్ల కొత్త ఏడాది పండుగ నౌరుజ్ వస్తుంది. ఏడు రకాలు కలిపి నౌరుజ్ కోజె అనే జావ కాస్తారు. పాలు, ధాన్యం, ఉప్పు, మాంసం ఇలా ఇంటికో తీరు. కొన్నేళ్లు ఉగాది దానికి అటూఇటూగా పడుతుంది. ఎండిన వేపపువ్వు ఊరి నుంచి తెచ్చుకోండి, ఇక్కడ దొరకదు. డబ్బా ఖాళీగా తిరిగివ్వకూడదన్న పద్ధతి వాళ్లకూ ఉంది, మనకూ ఉంది. అందుకని క్రితం ఉగాదికి క్యారెట్ డబ్బా కడిగి, పచ్చడి నింపి ఎదురింటి బామ్మకు ఇచ్చాను. ఈసారి గడప దాటి లోపలికెళ్లే ఇచ్చాను.

చెంచాడు నోట్లో వేసుకుని కాసేపు ఆలోచించింది. చేదెందుకు వేశారంది. ఏడాదిలో అదీ ఉంటుంది కాబట్టి ముందే రుచి చూస్తామన్నాను.

“దాన్ని ప్రత్యేకంగా వండుకోవాలా?” అంది.

మర్నాడు డబ్బా క్యారెట్‌తో తిరిగొచ్చింది.